పచ్చచుక్క కాపలా

ఆఫీసులో పై అధికారి మసరత్ మేడం నుంచి మెసేజ్ వచ్చేసరికి కౌముది వంటింట్లో చారుకు పోపు పెడుతోంది. "మూడింటికి వీడియో కాల్. మనిద్దరమే." అంతే. మామూలుగా ప్రతి మాట చివరా ఒక నవ్వుబొమ్మ అతికించే మనిషి, ఈసారి ఏదీ అతికించలేదు. కౌముది ఆ రెండు ముక్కలే మళ్లీ మళ్లీ చదివింది. పోపు మాడింది.

కౌముది ఉద్యోగం హైదరాబాదులో, చేసేది జమ్మలమడుగులో. ఆరోగ్య బీమా కోసం ఆసుపత్రులు పంపే కాగితాలను పరిశీలించి, సరిగా ఉన్నవాటిని ముందుకు పంపడం, లేనివాటిని వెనక్కి కొట్టడం ఆమె పని. రోజుకు నలభై అయిదు ఫైళ్లు చేయాలి. మూడు వారాలుగా ముప్ఫై దాటడం లేదు. ఇలాగే ఉంటే ఇంటినుంచి పని కుదరదనీ, ఆఫీసుకు వచ్చేయాల్సి ఉంటుందనీ మేడం ఒకసారి మెత్తగా చెప్పి చూసింది. భర్త శరత్ తొండూరు హైస్కూల్లో లెక్కల మాస్టరు. ఉదయం ఏడింటి బస్సుకు పోతే తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అవుతుంది. కూతురు ప్రజ్ఞకు నాలుగేళ్లు. హైదరాబాదు పోతే పిల్లను వదలాలి, పోకపోతే ఉద్యోగం వదలాలి. రెండింటిలో ఏది తలచుకున్నా కౌముదికి అన్నం సయించడం లేదు.

అలాగని ఆమె పద్ధతి లేని మనిషా అంటే, కానే కాదు. ఫ్రిజ్ తలుపు మీద ఆమె అంటించిన కాగితం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. పొద్దున అయిదు నుంచి సాయంత్రం ఏడు దాకా ప్రతి అరగంటకూ ఒక గడి, గడికో రంగు. కష్టమైన ఫైళ్లు పొద్దున, తేలికవి భోజనం తర్వాత, మధ్యలో పది నిమిషాలు నడక. ప్రొద్దుటూరులో పుట్టింట ఉండి పరీక్షలకు చదివినప్పటి నుంచీ ఆమెకు ఈ అలవాటు. మామగారు మల్లికార్జునయ్య కాగితం ముందు నిలబడి, "దస్తూరి శానా బాగుందమ్మా" అని మెచ్చుకున్నాడు కూడా. మెచ్చుకుని, అక్కడికక్కడే, కాఫీ పెట్టమన్నాడు. అప్పుడు గడిలో ఉన్నది కష్టమైన ఫైళ్లు.

ఆయన్ను అనడానికీ లేదు. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో ఇంటినుంచి పని మొదలుపెట్టింది ఆయనే, అదీ నలభై ఏళ్ల కిందట. శివాలయంలో ఉదయం పూజ ముగించుకుని వచ్చి వసారాలో చాప పరిచాడంటే ముహూర్తాలకూ, పేర్లు పెట్టించుకోవడానికీ జనం వస్తూనే ఉంటారు. ఒక చేత్తో పంచాంగం తిప్పుతూ, ఇంకో చేత్తో మనవరాలికి బిస్కెట్టు ఇస్తూ, ముగ్గురితో మూడు సంగతులు మాట్లాడుతూ లగ్నపత్రిక రాసేయగలడు. పనంటే అలా సాగేదే అని ఆయన అనుకోవడంలో వింతేముంది? ఆ వసారాకు ఆనుకున్న గదిలో, కిటికీ పక్కనే కౌముది బల్ల.

ఇక అత్తగారు రుక్మిణమ్మ. మోకాళ్ల నొప్పుల మనిషి, మనసు మాత్రం వెన్న. కోడలు దిగులు పడుతోందని తెలుసు, ఎందుకో తెలియదు. ఒకరోజు గ్యాస్ బండ తెచ్చినవాడు వాకిట్లో అరుస్తుంటే లేచి పోతూ, కౌముది కంప్యూటరు తెర మూలకు వేలు చూపి విసుగుతో అంది: "ఈ చుక్క చూడండత్తయ్యా. పచ్చగా ఉంటే నేను పని చేస్తాండానని వాళ్లకు తెలుస్తాది. అయిదు నిమిషాలు మౌసు ముట్టుకోకపోతే పసుపురంగుకు తిరుగుతాది. మనిషి లేదని లెక్క."

ఎవరికో చెప్పుకోవాలని చెప్పిన మాట అది. రుక్మిణమ్మ మాత్రం దాన్ని బాధ్యతగా తీసుకుంది. ఏటా దసరా నవరాత్రులకు ఆ ఇంట్లో అఖండదీపం పెడతారు. తొమ్మిది రోజులూ నూనె పోస్తూ, వత్తి ఎగదోస్తూ, కునుకు కూడా ఆ దీపం పక్కనే తీస్తూ ముప్ఫై ఏళ్లుగా దాన్ని ఒక్కసారి కూడా ఆరిపోనివ్వని మనిషి ఆమె. ఆరకుండా చూసుకోవాల్సినది ఏదైనా ఉందంటే అది తన పనే అని ఆమె నమ్మకం.

మర్నాటి నుంచి కౌముది కుర్చీలోంచి లేస్తే చాలు, రుక్మిణమ్మ వచ్చి కూర్చునేది. ఒళ్లో గోరుచిక్కుళ్ల చేట, ఎడమ చెయ్యి మౌసు మీద. రెండు నిమిషాలకోసారి వేలితో ఇటు జరిపి, అటు జరిపి, చుక్క వంక చూసి, తృప్తిగా మళ్లీ గోరుచిక్కుళ్లు తుంచేది. కోడలు భోజనం చేస్తున్నంతసేపూ అక్కడే. మధ్యాహ్నం కునుకు మానేసింది. కౌముది మొదటిసారి చూసినప్పుడు పకపకా నవ్వింది, తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. వద్దని చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె స్థానంలో ఉంటే మనలో ఎంతమంది చెప్పేవాళ్లమో, అది వేరే సంగతి.

మూడింటికి తెర మీద మసరత్ మేడం ముఖం కనిపించింది. ఎప్పుడూ పలకరింపుగా ప్రజ్ఞ గురించి అడిగేది, ఇవాళ అడగలేదు.

"కౌముదీ, నిన్న పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా నువ్వు పచ్చగానే ఉన్నావు. ఒక్క నిమిషం మారలేదు. మనిషన్నాక అన్నం తినదా? ఫైళ్లు చూస్తే ఇరవై ఎనిమిది. మౌస్‌ను దానంతటదే కదిలించే మిషన్లు దొరుకుతున్నాయని నాకూ తెలుసు. పెట్టావా? నిజం చెప్పు. నేను ఇది రాసి పైకి పంపితే నీ ఉద్యోగం ఉండదు."

ఏం చెప్పాలా అని కౌముది లెక్కలు వేసుకుంది. మిషను లేదంటే, మరెవరు అని అడుగుతారు. అత్తగారు అంటే అది ఇంకా పెద్ద తప్పు. రోగుల కాగితాలు తెరిచి ఉన్న కంప్యూటరు ముందు బయటి మనిషి కూర్చోకూడదని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. ఏ వైపు అడుగేసినా గొయ్యే. ఆమె తల దించుకుని బల్ల చెక్క మీది గీతలు చూస్తూ ఉండిపోయింది.

గుమ్మం దగ్గర పీట వేసుకుని పత్తి వత్తులు చేసుకుంటున్న రుక్మిణమ్మకు ప్రతి మాటా వినపడింది. గోడ పట్టుకుని లేచింది. వచ్చి కోడలి భుజం మీద చెయ్యేసి కెమెరా ముందుకు వంగింది.

"మిషనూ లేదు గిషనూ లేదు తల్లీ. ఆ చుక్కను కాచింది నేను."

"మీరెవరమ్మా?"

"దీని అత్తను. రుక్మిణమ్మ అంటారు."

మేడం ముఖంలో రంగులు మారాయి. "మీరు ఆ కాగితాలు చదివారా?"

"తెలుగే అద్దాలు పెట్టుకుంటే గానీ ఆనదు, ఇంగ్లీషు నాకేం తెలుస్తాది? ఆ బాణం గుర్తును అట్ల ఇట్ల జరిపినా. దేన్నీ నొక్కలేదు, దేవుని మీద ఒట్టు."

"సరే. మీరు ఆ కుర్చీలో ఉన్నంతసేపూ కౌముది ఎక్కడికి పోయింది?"

ఆ ప్రశ్నలో కోడలి మీద అనుమానం ఉందని రుక్మిణమ్మకు తోచింది. రోషం వచ్చింది. "యాడికి పోతాది? ఇంట్లోనే ఉన్నింది. నా కోడలు పనిదొంగ గాదు. నిన్నటి సంగతే చెప్తా, ఇనండి," అని వేళ్లు మడవడం మొదలుపెట్టింది. "తొమ్మిదీ ముక్కాలుకు మైదుకూరు పెండ్లివాళ్లు వచ్చిరి. మా ఆయన పిల్చె, పోయి నాలుగు కాఫీలు ఇచ్చి వచ్చె. పదిన్నరకు ట్యాంకు నిండె. నేను మోకాళ్లతో ఆడికి పోలేక, మోటారు కట్టేయమని పిలిస్తి. పదకొండుకు అటక మీది ఇత్తడి గిన్నె దించమని పిలిస్తి. పన్నెండుకు మా ఆయన ఫోన్లో ఏదో ఫోటో తెరుచుకోలేదని పిల్చె. మూడుకు మా చెల్లెలు పులివెందుల నుంచి ఫోన్ చేస్తే, రెండు మాటలు మాట్లాడిపో అని నేనే పిలిస్తి. నాలుగుకు పిల్లకు జడ..."

వేలు సగంలో ఆగిపోయింది.

ఆమె మడిచిన వేళ్ల వంక చూసుకుంది. రెండు ఆయనవి. మిగతావన్నీ తనవే. కోడల్ని కాపాడాలనే ఆ కుర్చీలో కూర్చుంది, నిజమే. ఆ కుర్చీ ఖాళీ అయ్యింది మాత్రం తన పిలుపులకే. ఇన్ని రోజులు ఇంత దగ్గరగా కూర్చుని చూస్తూ కూడా ఈ ఒక్కటీ తనకు కనపడలేదు. రుక్మిణమ్మకు చాలా సిగ్గేసింది.

"లేపింది నేనే తల్లీ," అంది, గొంతు తగ్గించి. "లేపి, నేను కూసుంటి. తప్పు పిల్లది గాదు. రెండు గంటలు దాని పాటికి దాన్ని వదిలింటే మీరు అడిగినన్నీ చేసి పడేసేది. మేము వదలలేదు."

"అట్లనొద్దత్తయ్యా," అంది కౌముది. అత్తగారి చెయ్యి పట్టుకుంది. తల ఎత్తి మేడంతో చెప్పింది: "నాదీ తప్పే మేడం. పిలిస్తే, పనిలో ఉన్నానని చెప్పాల్సింది నేను. ఆమె మౌసు పట్టుకుంటే వద్దనాల్సింది నేను. చుక్క పచ్చగా ఉంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను."

మేడం నుదురు రుద్దుకుంటూ అంది: "నా దగ్గరికి రోజూ నలభైమంది టైంషీట్లు వస్తాయి. వాటిలో ఇంత నిజమైంది నేను చూడలేదు." ఆ తర్వాత గొంతు గట్టిపడింది. "అమ్మా, మీరు ఆ కంప్యూటరు ముందు మళ్లీ కూర్చోకూడదు. ఇది ఖచ్చితం. కౌముదీ, చుక్క ఏ రంగులో ఉన్నా నేను అడగను. నెలాఖరు దాకా రోజుకు నలభై అయిదు. ఒక్కరోజు తగ్గినా ఒకటో తేదీకి నువ్వు హైదరాబాదులో ఉంటావు."

మేడం ముఖం పోయి తెర మామూలైంది. నెలాఖరుకు పదకొండు రోజులు.

ఆ సాయంత్రం కౌముది ఫ్రిజ్ దగ్గరికి పోయి కొత్త కాగితం అంటించబోతుంటే రుక్మిణమ్మ అడ్డుపడింది. "ఫ్రిజ్జుకు చెప్తే ఏం లాభమే? మాకు చెప్పు." భోజనాల దగ్గర అందరినీ కూర్చోబెట్టి చెప్పించింది. తొమ్మిదికల్లా వంట అయిపోవాలి. అందుకు రుక్మిణమ్మ స్టూలు మీద కూర్చుని పొయ్యి చూస్తుంది. జడలు, స్కూలు సంచీ ఏడింటి బస్సుకు పోయేలోపే శరత్ చూసుకుంటాడు. తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ రెండు నుంచి ఆరున్నర దాకా కౌముదిని ఎవరూ పిలవకూడదు. మల్లికార్జునయ్య అంతా విని, "మంచిది" అన్నాడు. తన దగ్గరికి వచ్చే వాళ్లందరికీ ఆయన చెప్పే మాటే అది.

మర్నాడు పదకొండు గంటలకు వసారాలో చాప నిండింది. కిటికీ ఇవతల కౌముది ఎనిమిదో ఫైల్లో ఉంది. మల్లికార్జునయ్య పంచాంగంలోంచి తల ఎత్తకుండానే కేకేశాడు.

"అమ్మా కౌముదీ, మూడు కాఫీలమ్మా!"

కౌముది చెయ్యి మౌసు మీదే ఉంది, కాళ్లు మాత్రం అప్పటికే నేల మీద ఊనాయి. ఇంతలో రుక్మిణమ్మ వంటింట్లోంచి ద్వారబంధం పట్టుకుని వసారాలోకి వచ్చింది.

"కౌముది ఇంట్లో లేదు."

వచ్చినవాళ్లు ముగ్గురూ కిటికీలోంచి కనిపిస్తున్న కౌముది వంక చూశారు. మల్లికార్జునయ్య కూడా చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో భార్య నోట అబద్ధం వినని మనిషి కాబట్టి, నమ్మినట్టే అడిగాడు.

"యాడికి పోయింది?"

"ఆఫీసుకు పోయింది. ఒంటిగంటకు అన్నానికి వస్తాది, మళ్లా పోతాది. నాకు మోకాళ్లు పట్టేసినాయి, నిలబడలేను. కాఫీ కావాలంటే మీరే లేసి పెట్టుకోండి."

మల్లికార్జునయ్య కిటికీ వంక ఇంకోసారి చూసి, పంచాంగం మూసి, వచ్చినవాళ్లతో, "కోడలు ఆఫీసుకు పోయిందంట, కొంచెంసేపు కూసోండి," అని కండువా సర్దుకుని లేచాడు. వంటింట్లో గిన్నెలు కదిలాయి. ఒక మూత కింద పడి దొర్లింది.

"ఏమే, చక్కెర యాడుంటాది?"

చక్కెర డబ్బా ఎక్కడుందో కౌముదికి తెలుసు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. తొమ్మిదో ఫైలు తెరిచింది. ఆమె ఆఫీసులో ఉంది.