గోడకు బయటి కొలత

పోయిన ఏడు వానకు నా ఇల్లు కరిగిపోయింది. కాల్చని ఇటుక కదా, ఒక్క పూటలో బురదై కూర్చుంది. ఇద్దరు కూతుళ్లతో ఏడాదంతా అక్క వంటపాకలో పడుకున్నాను. ఈసారి ప్రతి ఇటుకా నా చేత్తోనే పోసి గోడలు లేపాను. వీటిని కూడా వానకు వదిలేస్తే నా పేరు ఎనీఫా కాదు.

గోడ తడవకూడదంటే చూరు అరవై సెంటీమీటర్లు బయటికి రావాలి. దొరికిన వాసాలన్నీ నాలుగున్నర మీటర్లవే. చూరు పోగా మూడు మీటర్ల తొంభై మిగులుతుంది. అడ్డదూలం మీద నిలబెట్టే నడిమి గుంజ ఎంతెత్తు ఉండాలో తేలాలి.

మా ఊరి కప్పుల్లో సగం లిఫ్రెడ్ తాత వేసినవే, నాకూ ఆయనే సాయం వచ్చాడు. గుంజ నిలబెట్టి, తాడు పట్టి చూసి, దించి కోసి, మళ్లీ నిలబెట్టడం ఆయన పద్ధతి. అలా అయితే రెండు రోజులు పడుతుంది. డెడ్జా కొండల మీద అప్పటికే మబ్బు నల్లబడింది.

"లంబకోణ త్రిభుజం తాతా ఇది! వాసం కర్ణం. లెక్క కడితే ఒక్క కోతలో అయిపోద్ది."

"నీ లెక్క తగలెయ్య! పుస్తకం నెత్తిన కప్పుకుని పడుకోవే పంతులమ్మా," అని నవ్వాడు. "కంటితో చూసి చెప్తున్నా, రెండు మీటర్లు."

నాకు ఒళ్లు మండింది. చాపలు పరిచే నేలను గోడ నుంచి గోడకు కొలిచి సగం చేశాను. మూడు మీటర్ల నలభై. కర్ణం వర్గంలోంచి దాని వర్గం తీసేసి మూలం కట్టాను. ఒకటి తొంభై చిల్లర.

"చూశావా, నా కంటికి పది తక్కువంతే!" అని మురిసిపోయి, ఒకటి తొంభైకి కోసి గుంజ నిలబెట్టాడు. మేకులు చేతిలోకి తీసుకున్నాడు.

సుత్తి అందిద్దామని గుమ్మం దాటుతూ గోడ మీద చెయ్యి వేశాను. దాని మందం చేతికి తగిలింది. మా వైపు ఇల్లెంతంటే ఎన్ని చాపలు పడతాయో చెబుతాం. ఆ అలవాటుకొద్దీ నేనూ లోపలే కొలిచాను. వాన లోపల పడుతుందా? చూరు మొదలయ్యేది గోడ బయటి అంచు నుంచి. ఇరవై సెంటీమీటర్ల గోడ మందం లెక్కలోకే రాలేదు.

"ఆగు తాతా! కొట్టొద్దు!"

"ఇప్పుడేమొచ్చిందే?"

"తప్పు కొలిచా. నీదీ తప్పే."

"ఇద్దరి మాటా కలిసింది కదే!"

"కలిస్తే మాత్రం తప్పు ఒప్పవుద్దా?"

ఈసారి మూడు అరవై పెట్టి కట్టాను. సరిగ్గా ఒకటిన్నర, చిల్లర కూడా మిగల్లేదు.

తాత మొహం మాడిపోయింది. "ఇంకో నలభై తెగ్గొట్టాలా? మళ్లీ తప్పైతే అతికించడానికి ఇదేం మొక్కజొన్న న్సిమా ముద్ద కాదు. ఇంకో గుంజ కూడా లేదు."

"నా ఇల్లు. రంపం ఇటివ్వు."

ఒకటిన్నర దగ్గర గీత పెట్టాను. దాని మీదే కోశాను.

మర్నాడు ఆఖరి రేకు బిగించి దిగామో లేదో, వాన దంచేసింది. తాత చూరు కిందికి దూరి గోడ మొదట్లో గొంతుక్కూర్చుని అరచెయ్యి ఆనించాడు. చూరు నీళ్లు ఆయన వెనక, గోడకు మూరెడుకు పైనే పడుతున్నాయి. చెయ్యి తిప్పి చూపించాడు. పొడిగా ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడుపెందుకే మేస్త్రీ?" అన్నాడు. "ఎల్లుండి మా అల్లుడి ఇంటికి గుంజ కోయాలి. నువ్వే రావాలి."

"ఎక్కణ్ణుంచి కొలవమంటావు తాతా?"

"బయట నుంచే తల్లీ, బయట నుంచే," అంటూ లోపలికొచ్చి పిల్లల చాప మీద కూర్చున్నాడు.