ఆవిడ సంచి సర్దితే

భూకంపం ఎప్పుడొస్తుందో చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. కానీ ఆ వీధివాళ్లని అడిగి చూడండి, టక్కున చెప్తారు: మూడో అంతస్తు మిషను మేడం ఊరు వదిలిన మర్నాడు వస్తుందట!

మేడం ఉద్యోగం నేల కదలికలు గీసే యంత్రం దగ్గర. పొద్దున్నే వెళ్లి డ్రమ్ముకి చుట్టిన కాగితం తీసి కొత్తది చుట్టడం, పాతదాని మీద గీత ఎక్కడ వంకరపోయిందో చూసి పెద్దాఫీసుకి ఫోన్ చేయడం. అంతే. వచ్చిన జ్వరాన్ని థర్మామీటరు చూపిస్తుంది గానీ, వచ్చేవారం రాబోయే జ్వరాన్ని చూపిస్తుందా? ఈ మాట ఆవిడ వీధిలో ఇంటింటికీ చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

పూర్తిగా వాళ్ల తప్పూ కాదు లెండి. అయిదేళ్ల కిందట ఆవిడ సెలవు పెట్టి అక్క దగ్గరికి వెళ్లిన మర్నాడే నేల ఊగింది. గోడలు బీటలు వారాయి. రెండో అంతస్తు టైలరు మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. "తెలిసే జారుకుంది, మనకి ఒక్క ముక్క చెప్పలేదు" అన్నారు. నెల్లాళ్లు ఎవరూ ఆవిడతో మాట్లాడలేదు. తర్వాత మాటలు కలిశాయి గానీ కళ్లు మాత్రం ఆవిడ మీదే. మంచినీళ్ల డబ్బా ఒకటి ఎక్కువ కొంటే సాయంత్రానికి కొట్లో నీళ్లుండవు. తలనొప్పితో మొహం ముడుచుకుంటే సగం వీధి పార్కులో పక్కలేసుకుంటుంది. చివరికి ఆవిడ ఊరు కదలడమే మానేసింది. అక్కే ఆర్నెల్లకోసారి వచ్చి చూసిపోయేది. పెళ్లీ పిల్లలూ లేని మనిషి, అక్క తప్ప ఎవరున్నారు గనక!

ఇప్పుడా అక్క మంచం పట్టింది. మంగళవారం పొద్దున్న ఫోన్లో గొంతు పీలగా వచ్చింది.

"చిట్టీ, ఒక్కసారి రావే. ఇది మీ బావ కంగారు కాదు, ఎక్కువ రోజులుండనని నాకే అనిపిస్తోంది."

"మధ్యాహ్నం బస్సుకి వస్తున్నానక్కా."

"మీ వీధివాళ్లు రానిస్తారా?" అని నవ్వబోయి దగ్గింది అక్క.

మేడం బజారు సంచిలో రెండు చీరలు కుక్కి, పైన ఖాళీ నూనె సీసా పెట్టింది. అంతా బాగానే చేసి, అలవాటు కొద్దీ తాళం రెండుసార్లు లాగి చూసింది. ఎదురింటి పిన్ని తలుపు సందులోంచి చూడనే చూసింది.

"బజారుకి వెళ్తూ తాళం అన్నిసార్లు లాగుతున్నావేం?"

"మా అక్కకి బాగోలేదు పిన్నీ. చూసొస్తాను. భూకంపం లేదు, ఏం లేదు."

"అప్పుడూ అక్క దగ్గరికేగా వెళ్లావు తల్లీ!"

ఆవిడ రెండో అంతస్తుకి దిగేలోపే కబురు దిగిపోయింది. టైలరుని కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా తువ్వాలుతో కడుతోంది భార్య. "ఆ మెట్ల మీద నన్ను దింపకే, చస్తాను" అని మొత్తుకుంటున్నాడాయన. మేడంని చూడగానే చెయ్యి పట్టుకున్నాడు.

"నిజం చెప్పమ్మా. వెళ్లిపోతున్నావా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మళ్లీ ఈయన పడితే ఆ పాపం ఎవరిది?

"లేదు బాబాయ్, నూనెకని బయల్దేరాను" అంది. నూనె సీసా తీసి చూపించింది కూడా. రేపు ఆఫీసు నుంచి అటే పోదాం, సంచీ వద్దు ఏమీ వద్దు అనుకుంటూ మేడెక్కింది. ఒక్కరోజులో ఏమవుతుందిలే అనుకుంది, పిచ్చిది.

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "అయిపోయిందమ్మా. నాలుగింటికి. మధ్యాహ్నం బస్సు వేళ దాటినా గుమ్మం వైపే చూస్తూ ఉంది."

ఆవిడకి గుండె పగిలినంత ఏడుపొచ్చింది. గట్టిగా ఏడిస్తే గోడ అవతల వింటారు. వింటే మెట్ల మీద పడతారు. కుళాయి తిప్పి, కొంగు నోట్లో కుక్కుకుని, బకెట్టు నిండి పొర్లుతున్నా కట్టకుండా కూలబడి ఏడ్చింది. అక్క చచ్చిపోతే నోరారా ఏడవడానికి కూడా లేని బతుకు ఇది.

నీళ్లు గుమ్మం దాకా పారాయి. పిన్ని తలుపు బాదింది. తలుపు తీసిన మొహం చూడగానే అరిచింది.

"అమ్మో! ఏంటే? ఎప్పుడే? ఈ రాత్రికేనా?"

"మా అక్క పోయింది పిన్నీ."

పిన్ని ఆవిడ కళ్లలోకి తేరిపార చూసింది. ఈసారి నమ్మింది. హమ్మయ్య అని గుండె మీద చెయ్యి వేసుకుని, మెట్లవైపు తిరిగి కేకేసింది.

"భయం లేదర్రా! వాళ్లక్క పోయిందంట, అంతే!"

కింద ఎవరో దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. తలుపులు మూసుకున్న చప్పుళ్లు వినిపించాయి. పిన్ని అప్పుడు నాలిక కరుచుకుంది గానీ ఏం లాభం.

ఆవిడ సంచి తీసుకుని, నూనె సీసా గట్టు మీద పెట్టి, తాళం వేసింది. మెట్లు దిగుతుంటే ఈసారి ఎవరూ అడ్డం రాలేదు. రెండో అంతస్తులో టైలరు కుర్చీలోనే ఉన్నాడు, తువ్వాలు విప్పేశారు. పాపం, జాలిగానే అన్నాడు.

"నిదానంగా వెళ్లిరామ్మా. ఇప్పుడింక తొందరేముంది."