ఎనభై ఏడో పేజీ

మా ఓల్షింకా ఊరి చరిత్ర పుస్తకం తెరవగానే భూగోళం ఉంటుంది. సముద్రమట్టానికి 531 మీటర్ల ఎత్తు, అరవై ఒక్క గడప, ఉత్తరాన అడవి, దక్షిణాన వాగు. పంటలు గోధుమలాంటి రై, ఓట్స్, బంగాళదుంపలు, అవిసె. రాళ్ళను కూడా పంటల్లో చేర్చాల్సింది. దున్నిన ప్రతిసారీ మాకు దుంపల కంటే అవే ఎక్కువ దొరుకుతాయి. భూగోళం తర్వాత చరిత్ర, అంటే ఊరు కాలిన కథ. ఒకసారి స్వీడన్ సైన్యం తగలబెట్టింది, ఇంకోసారి పిడుగు. మూడోది 1951 ఆగస్టులో సహకార సంఘం ధాన్యపు కొట్టం. అది ఎనభై ఏడో పేజీలో ఉంటుంది.

ప్రతి ఊరూ ఇలాంటి పుస్తకం రాయించుకోవాలని మాకు చట్టం. నలభై ఏళ్ళకు పైగా మా నాన్న బోహుమిల్ షెబెస్తా రాశాడు. ఆయన బడిపంతులు. ఆయన తర్వాత నేను. ముందు పెన్సిల్‌తో చిత్తుప్రతి, పంచాయతీ ఒప్పుకున్నాక సిరాతో పుస్తకంలోకి. ఒకసారి సిరా పడ్డాక కొట్టివేతలు లేవు, పేజీ చించడం లేదు.

అక్టోబరులో ఒక మంగళవారం పదింటి బస్సుకు ఒక ముసలావిడ దిగి, తిన్నగా నేనున్న పంచాయతీ ఆఫీసుకొచ్చింది. ఎముకలు తేలిన మనిషి, మొహం పసుపు పచ్చగా ఉంది.

"నువ్వు మాస్టారి అమ్మాయి లుద్మిలావి కదూ? అదే ముక్కు. నేను అనేష్కాని. అలోయిస్ వోండ్రుష్క కూతుర్ని."

ఆవిడ అడగకముందే ఏం అడుగుతుందో నాకు తెలుసు. పుస్తకం తీసి ఎనభై ఏడో పేజీ ముందుపెట్టాను. నాన్న దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. "వర్గశత్రువు అలోయిస్ వోండ్రుష్క, తన పొలం సంఘంలో కలిపారన్న కక్షతో కొట్టానికి నిప్పు పెట్టాడు." ఈ ఒక్క వాక్యం నకలునే అప్పటి కమ్యూనిస్టు కోర్టు సాక్ష్యంగా తెప్పించుకుంది. ఆయనకు తొమ్మిదేళ్ళ జైలు పడింది. పెళ్ళాం పిల్లలకు రెండు గంటల గడువిచ్చి, లారీ ఎక్కించి సరిహద్దు దగ్గరి జిల్లాలకు తోలేశారు.

"ఆ మధ్యాహ్నం మా నాన్న నా పక్కనే ఓట్స్ కోస్తున్నాడు. పద్నాలుగేళ్ళ పిల్లని, నా మాట ఎవడు వింటాడు?" అంది.

"ఇందులో కొట్టెయ్యడానికి కుదరదమ్మా."

"కొట్టెయ్యమని అడిగానా? నిజం ఒక్కసారి ఈ ఊళ్ళో బయటికి వినబడాలి, నేను బతికుండగా. డాక్టరు క్రిస్మస్ దాకా అన్నాడు. ఆయన మొహం చూస్తే అదీ అనుమానమే. రెండింటి బస్సుకి వెళ్ళిపోవాలి, మళ్ళీ రాలేను."

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నాన్న పోయాక ఆయన బీరువాలో చిత్తుప్రతులు దొరికాయి. వాటిలో 1951 కూడా ఉంది. పంతొమ్మిదేళ్ళుగా అది నా దగ్గరే ఉంది, నేను నోరు మెదపలేదు. అక్షరం దిద్దించిన చెయ్యి అబద్ధం రాసిందని ఎలా చెప్పను? ఇలా అనుకుని హాయిగా నిద్రపోయాను. సిగ్గుతో చెబుతున్నాను, నిజంగానే హాయిగా నిద్రపోయాను.

రోడ్డు దాటి ఇంటికెళ్ళి ఆ కాగితం తెచ్చాను. అప్పటికి ఊరి పెద్ద రాదెక్ కుబాత్ వచ్చి ఉన్నాడు. బళ్ళో ఎక్కాలు అప్పజెప్పలేక నా దగ్గర ఏడ్చినవాడే. కాగితం అతనికిచ్చి పైకి చదవమన్నాను.

"'ట్రాక్టరును కొట్టం లోపలికి తెచ్చి నడిపారు. పొగగొట్టానికి నిప్పురవ్వలు ఆపే జల్లెడ లేదు. గడ్డి అంటుకుంది. డ్రైవరు...'" అని ఆగిపోయాడు.

"చదువు నాయనా," అన్నాను.

"'డ్రైవరు యోసెఫ్ కుబాత్.' మా తాత కదండీ!"

"తర్వాతిది కూడా చదువు."

"'బకెట్టు పట్టుకుని మొట్టమొదట పరిగెత్తుకొచ్చింది వోండ్రుష్క.'" రాదెక్ కాగితం బల్లమీద పెట్టేశాడు. "టీచరుగారూ, మీకెందుకండీ ఈ గొడవ? అందరూ పోయారు. డిసెంబరు మీటింగులో పెడదాం, సభ్యులు ఏమంటారో చూద్దాం."

"డిసెంబరుకి ఈవిడ ఉండదు."

"పోయేది మా తాత పరువొక్కటే కాదు. మీ నాన్నగారిది కూడా."

"అది కాపాడాలనేగా పంతొమ్మిదేళ్ళు దీన్ని దాచింది! పుస్తకంలో రాయాలంటే మీటింగు కావాలి. ఊరంతా వినబడే మైకుకి అక్కర్లేదు. అందులో చావులు చెబుతాం, కోడిపిల్లల బండి వచ్చిందని చెబుతాం. ఇదీ చెబుతాం."

రాదెక్ అనేష్కా వైపు చూడలేకపోయాడు. టోపీ తీసుకుని, "నేను భోజనానికెళ్తున్నా. నాకేం తెలీదు," అని గొణిగి వెళ్ళిపోయాడు.

"అచ్చం తాతే," అంది అనేష్కా. లేచి, మైకు వినబడే చోటికంటూ బయటికి నడిచింది.

అలవాటు ప్రకారం ముందు బాకాల పాట వేశాను. తర్వాత మైకులో చెప్పాను. "అలోయిస్ వోండ్రుష్క కొట్టం తగలబెట్టలేదు. ట్రాక్టరు రవ్వ పడి అంటుకుంది. మా నాన్న బోహుమిల్ షెబెస్తాకు అది తెలుసు. తెలిసీ పుస్తకంలో అబద్ధం రాశాడు. నాకూ తెలుసు. తెలిసీ దాచాను." తర్వాత ఆ చిత్తుప్రతి మొత్తం చదివాను.

కిటికీలోంచి వీధి కనబడుతోంది. అరవై ఒక్క ఇళ్ళలో నలభై రాజధాని ప్రాగ్ వాళ్ళు సెలవులకోసం కొనుక్కున్నవి. మంగళవారం కదా, అన్నింటికీ తాళాలే. మిగతా ఇళ్ళలోంచి కూడా ఒక్క మనిషి గుమ్మంలోకి రాలేదు. ఒక కుక్క మాత్రం కాసేపు మొరిగి ఊరుకుంది. ఎవరికి వినబడాలని ఆవిడ అరవయ్యేళ్ళు కాచుకుందో ఆ జనం ఒక్కరూ మిగల్లేదు. నాకు ఏడుపొచ్చింది. ఈ పని పంతొమ్మిదేళ్ళ కిందట చేసి ఉంటే సగం ఊరు విని ఉండేది.

బయటికొచ్చి చూస్తే అనేష్కా శ్మశానం గేటు దగ్గర, మైకు స్తంభం పక్కన నిలబడి ఉంది. వోండ్రుష్కను మా ఊరికి బతికుండగా రానివ్వలేదు, శవంగా రావడానికి మాత్రం అనుమతిచ్చారు. గోడ పక్క మొదటి సమాధి ఆయనదే.

"అయిపోయిందమ్మా. చదివేశాను," అన్నాను.

"మళ్ళీ చదువు."

"విన్నారుగా, అంతా చెప్పాను."

"నాకు వినబడింది. ఈసారి బాగా గట్టిగా చదువు. జైల్లో కొట్టిన దెబ్బలకి మా నాన్నకి రెండు చెవులూ పోయాయి."

నేను లోపలికి వెళ్ళి మైకు శబ్దం ఎంతవరకు పెరుగుతుందో అంతవరకు పెంచాను.