గాబ్రియేలు సారు చుట్టూ నల్లగీత

గాబ్రియేలు సారు తెల్లారుజామున పోయినాడంట, గుండెనొప్పంట, అని కిరాణా అంగడి రాజ్యలక్ష్మమ్మ చెప్పిందని పూలమ్మే శివలీల వచ్చి చెప్పగానే డీటీపీ అంగడిలో జీవిత చేతిలో మౌసు ఆగిపోయింది, నిన్న సాయంత్రం చర్చి మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటూ నవ్విన మనిషి, ఇంతలోనే ఎట్లా, ఎవరు చూసినారక్కా అంటే, యాడో చూసేదేంది, నీ అంగడి అద్దానికే అంటించినావు కదమ్మే, ఫోటో చుట్టూ నల్లగీత, అద్దానికా, అయ్యో, అది సారు బడినుంచి రిటైరైనందుకు ఈ సాయంత్రం చర్చిలో జరిగే సన్మానం కాగితం కదా, సంఘపెద్ద ప్రకాశం వచ్చి తప్పులు చూస్తాడని నిన్న తానే అంటించింది, సారు బతికే ఉన్నాడు, పోయిన ప్రాణం లేచొచ్చింది, మరుక్షణమే గడియారం చూసింది, మధ్యాహ్నానికి రెండు వందల కాపీలు ఇవ్వాలి, పత్తికొండలో ఫోటో చుట్టూ నల్లగీతంటే ఒకటే అర్థమని పదేళ్లుగా ఈ పనే చేస్తున్న తనకు తెలియదా.

తెలుసు, కానీ బార్డర్‌కు పసుపు పెడితే ఒక పార్టీ అంటారు, నీలం పెడితే ఇంకో పార్టీ అంటారు, ఎరుపైతే ఎర్రజెండా, పచ్చదైతే ఉరుసు పోస్టరు, ఎవరిదీ కాని రంగు కదా అని నలుపు పెట్టింది, వెనకాల బూడిదరంగు కూడా నింపింది, ఇప్పుడు గీత మొత్తం తీసేస్తే గంప అడుగు ఊడి టమోటాలు దొర్లినట్టు అక్షరాలు ఎటుబడితే అటే, టమోటాలంటే గుర్తొచ్చింది, ఇంటర్ తప్పి మార్కెట్లో గంపలెత్తే రోజుల్లో, గంప మోసిన చెయ్యి ఈ ఎలుకను మొయ్యలేదా పాపా, అని బడి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది ఆయనే కదా, మొదటిరోజు నేర్పింది కూడా ఇదే, ఒక డబ్బా గియ్యి, లోపల నీ పేరు కొట్టు, చుట్టూ గీత పెట్టు, ఆ గీత మధ్య తన పేరు చూసుకుని ఆ పూట అన్నం సహించలేదు సంతోషానికి, ఆ డబ్బాతోనే ఈ అంగడి, ఈ కుర్చీ, తమ్ముడి చదువు.

అందుకే గదా సంఘం వాళ్లు రాసిచ్చిన పొగడ్తల కింద, ఎవరూ అడగకపోయినా, చిన్న అక్షరాల్లో తన మాట ఒకటి కలిపింది, నా నెత్తిమీది గంప దించిన చేతులకు వందనాలు సార్, జీవిత, అని, రోజూ ఎదురుపడే మనిషికి పదేళ్లలో ఒక్కసారీ ఎదురుగా చెప్పని మాట, ఈ ఊరంతా ఇంతే కాబోలు, నోటితో చెప్పలేనిదంతా మనిషి పోయినాక నల్లగీత మధ్యలో రాస్తారు, తానూ అదే చేసింది, కాకపోతే ముందుగా.

అద్దం అవతల గొడుగు ముడుచుకుంది, సారే, చేతిలో బంతిపూల దండ, సారు పోయినాడనుకుని పాత శిష్యుడు మద్దిలేటి ఏడుస్తా ఇంటికి తెచ్చినాడంట, కళ్లద్దాలు పైకెత్తి కాగితాన్ని కింది వరుస దాకా చదువుతున్నాడు, ప్రకాశం వచ్చి పక్కన నిలబడ్డాడు, శివలీల బుట్ట దించింది, జీవిత పరుగున బయటికొచ్చి, తప్పయిపాయ సార్, ఇప్పుడే గీత తీసేస్తాండా అంది.

గీత ఉండనీ పాపా, దాని లోపల రాసింది బతికుండంగ చదివినోణ్ణి ఈ ఊర్లో నేనొక్కణ్ణే, అన్నాడు గాబ్రియేలు సారు.