వాసన తెలియని పంట

ఆ ఏడు ఎండలు పంటను తరుముకొచ్చాయి. ద్రాక్ష గుత్తులు ఎప్పటికన్నా ముందే నల్లబడి తీపెక్కిపోతున్నాయి. తీపి మరీ ముదిరితే ఎర్ర వైన్‌లో పులుపు చచ్చి, జామ్ తాగినట్టుంటుంది. ఏ రోజు కోయాలో చెప్పాల్సింది ఆ ఇంటి అక్క. తండ్రి పోయాక వైన్ చేసే పని ఆమెది, అమ్మే పని తమ్ముడిది.

సరిగ్గా కోతల ముందు అక్కకు జ్వరం తగిలింది. అది పోతూ పోతూ వాసనలన్నీ పట్టుకుపోయింది. కాఫీ ఉత్త చేదునీళ్లలా ఉంది. నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుందిలే అనుకుంది. సర్దుకోలేదు. వాసన తెలియని మనిషి చేతికి వైన్ ఎవరిస్తారు? నోరు మెదపలేదు. తొక్క నమిలి, గింజ కొరికి, నాలుకకు పులుపు తగులుతుండగానే కోత మొదలుపెట్టించింది.

తొట్లలో రసం పొంగసాగింది. ఆ తొట్ల గదిలోకి తమ్ముడి భార్యకు ప్రవేశం లేదు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు సెంటు పూసుకుని వస్తే, "నీ సెంటు ముందు నా వైన్ నిలబడదు తల్లీ" అని వదిన వరసైన అక్క గుమ్మంలోంచే పంపేసింది. అప్పటినుంచి ఆమె భోజనం డబ్బా గడప దగ్గర పెట్టి చక్కా పోయేది.

ఒక మధ్యాహ్నం ఎవరింటికో పెళ్లికి బయల్దేరుతూ డబ్బా తెచ్చింది. ఎంత పిలిచినా లోపల్నుంచి పలుకు లేదు. కంగారుపడి, ఒళ్లంతా సెంటుతోనే లోపలికి నడిచింది. వదిన తొట్టి దగ్గర ఏదో ఆలోచనలో ఉంది.

"అక్కడ పెట్టు" అంది, అంతే.

మరదలు ముక్కు మూసుకుంది. "అబ్బ, ఇదేం కంపు వదినా! కుళ్లిన గుడ్లలాగా!"

"కంపా? ఎక్కడ?" వదిన ముఖం పాలిపోయింది.

మరదలు ఆమెనే చూస్తూ నిలబడింది. "నేను సెంటు కొట్టుకుని వచ్చాను. నువ్వు ఒక్క మాటైనా అనలేదు. నీకు వాసన తెలియట్లేదు కదూ?"

వదిన ఉన్నచోటే కూలబడింది. "వాడికి చెప్పకే. బయటినుంచి ఎవణ్నో తెచ్చి నా నెత్తిన కూర్చోబెడతాడు."

"అది తర్వాత చూద్దాం. ముందు ఈ కంపు పోయే దారుందా?"

"ఉంది. రసాన్ని అడుగునుంచి తోడి పైనుంచి పొయ్యాలి. గాలి తగలాలి."

మరదలు పెళ్లి మాట మరిచిపోయింది. ఒళ్లు సబ్బుతో రుద్దుకుని, వదిన పాత చొక్కా తొడుక్కుని వచ్చి గొట్టం పట్టుకుంది.

"ఇప్పుడు?"

"ఇంకా గుడ్లే."

"ఇప్పుడో?"

"తడిసిన అట్టపెట్టె."

పొద్దు వాలేసరికి మరదలు తొట్టి మీదికి వంగి, చాలాసేపు లేవలేదు. "మిరియాలు... వెనకాల ఏదో పండు. బాగుంది వదినా!"

వదిన ముఖం పక్కకు తిప్పుకుని చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంది.

మరదలు సెంటు మానేసి రోజూ రావడం మొదలుపెట్టింది. గొడవలకూ కొదవ లేదు. "బాగుందంటే ఎలా బాగుంది? నా ముఖంలా బాగుందా?" అని వదిన కసిరితే, "నీ ముఖం కన్నా నయమే" అనేది.

వైన్ పీపాల్లో కుదురుకున్నాక పెద్ద వైన్ దుకాణం యజమాని రుచి చూడటానికి వచ్చాడు. గ్లాసు తిప్పి వాసన పీల్చి, అక్కను అడిగాడు: "దీంట్లో మీకేం తెలుస్తోంది?"

మాట దాటేయొచ్చు. కానీ మరదలు కష్టాన్ని తన పేరు మీద వేసుకోవడానికి అక్కకు మనసొప్పలేదు.

"నాకు వాసన తెలియదండీ. కోతల ముందే పోయింది. ఈ వైన్‌కి ముక్కు మా మరదలిదే. తననడగండి."

పక్కనే ఉన్న తమ్ముడి చేతిలో గ్లాసు ఆగిపోయింది. మరదలు తడబడుతూ తన మాటల్లోనే చెప్పింది. యజమాని తల ఊపుతూ విని, గ్లాసు మళ్లీ నింపమన్నాడు.

ఆయన వెళ్లాక తమ్ముడు అక్క పక్కన కూర్చున్నాడు.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"భయమేసిందిరా."

"నేనంటేనా?"

ఆమె ఖాళీ గ్లాసులు ఒకచోట చేర్చసాగింది. తమ్ముడు ఆమె చేతిలోని గ్లాసు అందుకుని, "రేపు డాక్టరు దగ్గరికెళ్దాం. వాసన వచ్చినా రాకపోయినా, వచ్చే ఏడు కోత ఎప్పుడో చెప్పేది నువ్వే" అన్నాడు.