మూడో బల్బు

బస్సు ఎమ్మిగనూరు రోడ్డు వదిలి ఆదోని పత్తి జిన్నింగు మిల్లుల పక్కగా పోతూంటే, రూత్ ఒళ్ళోని టిఫిను డబ్బా మీద వేళ్ళతో తాళం వేస్తూ ఉంది. చూపుడువేలు, నడిమివేలు, కాస్త ఆగి ఉంగరపు వేలు. ఒకటో ఫేజు, రెండో ఫేజు, ఆలస్యంగా మూడోది.

"ఏందమ్మా, భజనకు పోతాండావా?" అంది పక్కసీటు ముసలామె.

రూత్ సిగ్గుపడి చేయి ముడుచుకుంది. ఉద్యోగానికి పోతున్నానని చెప్తే ఆమె నమ్మేటట్టు లేదు.

రూత్ పనిచేసేది బోరు మోటార్లకు ఆటోమేటిక్ స్టార్టర్లు తయారుచేసే చిన్న కంపెనీలో. కరెంటు రాగానే స్టార్టరే మోటారు వేస్తుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయిందంటే అదే ఆపేయాలి. ఆపకపోతే మోటారు కాలుతుంది. ఆ తెలివంతా లోపలి చిప్పుది. చిప్పు కోసం సీ భాషలో ప్రోగ్రాము రాసిన ఇంజినీరు ఏనాడో బెంగళూరు వెళ్ళిపోయాడు, ఒక్క ముక్క వివరం రాసిపెట్టకుండా. టంకం పెట్టే పనికి చేరిన రూత్, డిప్లమాలో చదివింది కాస్తో కూస్తో గుర్తుందని నోరు జారినందుకు ఆ ప్రోగ్రాము ఆమె మెడకు చుట్టుకుంది.

అప్పటినుంచి ఆమె దాన్ని నిద్రపోయే పసిబిడ్డను కదిపినట్టే కదిపేది. ఇక్కడ ఒక లైను మారిస్తే ఇంకెక్కడో ఏదో తెగేది. అందుకని మార్చకుండా ఉండడం నేర్చుకుంది. ఆ అలవాటు ఇంటికీ పాకింది. పెళ్ళినాటి ఫ్యాను రెగ్యులేటరు నేటికీ మూడు మీదే ఉంటుంది. తిప్పితే పాడవుతుందేమోనని ఆమె భయం. "వేసవైనా మూడే, చలైనా మూడే. మా ఇంట్ల రుతువుల్లేవు" అని మొగుడు యేసేపు తన ఆటో ఎక్కినవాళ్ళకు చెప్పి నవ్విస్తాడు.

ఆమె షెడ్డులోకి వచ్చేసరికి ఉగ్గాని వాసన గుప్పుమంటోంది. స్టార్టర్లు పరీక్షించే ఆంజనేయులు అందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెచ్చాడు. ఇవాళ ఆయన పని మానేసే రోజు. దేవనకొండ దగ్గరి ఆయన చేనులో పోయినేడాది ఎండాకాలం బోరు పడింది. ఇక టమాటా వేసుకుంటానంటాడు.

"తిను రూతమ్మా. మళ్ళ నా సేతి ఉగ్గాని యాడ దొరుకుతాది?"

"నీ సేతిదా, రంగమ్మొదినదా?"

"మిరపకాయలు కోసింది నేనే గదా!"

ఆంజనేయులు టేబుల్ మీద పాత చెక్కపలక ఉంటుంది. దానికి మూడు స్విచ్చులు, మూడు బల్బులు. ఒక్కో బల్బు ఒక్కో ఫేజు. ప్రోగ్రాములో ఏ మార్పు చేసినా దాన్ని బోర్డులోకి ఎక్కించి ఈ పలకకు కట్టేవారు. ఆయన ఒక్కో స్విచ్చూ వేస్తూ తీస్తూ, లోపల మోటారుకు కరెంటు కలిపే రిలే టక్కుమంటుందేమోనని చెవి ఒగ్గి వినేవాడు. పొద్దంతా ఆ పనే. సాయంత్రానికి "బాగుంది" అనేవాడు. అయినా ఆ స్టార్టరును తన పొలానికి మాత్రం తీసుకుపోలేదు.

"దీని గుణం నేను సూసినాను గదమ్మా," అనేవాడు, రూత్ అడిగినప్పుడల్లా. "ఊరోళ్ళకు సరే. నా మోటారుకు నా సెయ్యే మేలు."

ఆ మాట రూత్‌కు ముల్లులా గుచ్చుకునేది. తను పనిచేసిన వస్తువును తన పక్కన కూర్చున్నవాడే నమ్మకపోతే ఇన్నేళ్ళ చాకిరీకి అర్థమేమిటి? ఆయన వెళ్ళేలోపు ఒక్క స్టార్టరైనా ఆయన చేత పట్టించాలని ఆమె పంతం.

ఆ పంతమే ఆమెను కదిపింది. కొత్త టెస్ట్ ఫ్రేమ్‌వర్కు పెడదామని ఆరు నెలల కిందట అడిగినప్పుడు యజమాని ఉమేష్ నవ్వాడు. ప్రోగ్రామును ముక్కలుగా విడదీసి, బోర్డు లేకుండా కంప్యూటరులోనే ఉత్తుత్తి కరెంటు ఇచ్చి, ఒక్కో ముక్కా సరిగ్గా నడుస్తోందో లేదో చూసే పద్ధతి అది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అక్కా? నడిచే దాన్ని విప్పుకోవడమెందుకు?" అన్నాడు.

"నడుస్తాందని ఎవరు సెప్పినారు?" అంది రూత్. అంత మాట తన నోట వచ్చినందుకు ఆమే ఉలిక్కిపడింది.

పని అనుకున్నంత సులువు కాలేదు. చిప్పు కాళ్ళను, అంటే పిన్నులను, నేరుగా చదివే లైన్లు ప్రోగ్రామంతా చల్లినట్టున్నాయి. వాటిని ఏరి ఏరి ఒక ఫైలులోకి తెచ్చింది. తర్వాత ఆంజనేయులు పక్కన కూర్చుని, ఆయన ఏ స్విచ్చు ఎందుకు అలా తిప్పుతాడో అడుగుతూ ఒక్కో తిప్పుడుకూ ఒక్కో టెస్టు రాసింది. ఏ ఊరి మొర వల్ల ఆ తిప్పుడు పుట్టిందో ఆ ఊరి పేరే టెస్టుకు పెట్టింది. కౌతాళం అంటే మూడో ఫేజు మినుకుమినుకుమనడం. హాలహర్వి అంటే కరెంటు వచ్చీ రాగానే ఒక ఫేజు పోవడం. టెస్టులు నడిపితే తెర మీద ఊళ్ళన్నీ వరుసగా పచ్చబడతాయి. ఆ పచ్చదనం చూసినప్పుడల్లా ఆమెకు వాన కురిసినంత హాయి.

ఇవాళ ఒక మార్పు చేయాలి. కరెంటు రాగానే చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు ఎగిరిపోతోంది. అందుకని ఒక్కో స్టార్టరూ ఒక్కో వ్యవధి ఆగి, ఒకదాని తర్వాత ఒకటి మోటారు వేయాలి. ఇంతకుముందైతే రూత్ ఈ మార్పును నెల రోజులు వాయిదా వేసి ఉండేది. ఇవాళ మాత్రం మధ్యాహ్నం జొన్నరొట్టె తిని, చేయి కడుక్కుని, రాసేసింది.

"రా అన్నా, సూద్దువు," అని ఆంజనేయులును పిలిచింది. ఆయన భుజం మీది తువ్వాలుతో కళ్ళద్దాలు తుడుచుకుని వచ్చి నిలబడ్డాడు. ఉమేష్ కూడా వచ్చాడు. రూత్ మీట నొక్కింది.

కౌతాళం పచ్చబడింది. ఇంకో ఊరు, ఇంకో ఊరు. హాలహర్వి ఎర్రగా నిలిచిపోయింది.

ఇన్నాళ్ళూ పచ్చగా ఉండి, ఆయన పోయే రోజునే ఎర్రబడాలా? "చెప్పాను కదక్కా" అని ఉమేష్ గొణిగాడు. ఆంజనేయులు వైపు చూసే ధైర్యం లేక ఆమె ప్రోగ్రాములోకి తల దూర్చింది.

తప్పు తొందరగానే దొరికింది. మోటారు తిరుగుతుండగా ఫేజు పోతేనే పాత లైన్లు గమనిస్తాయి. కొత్తగా పెట్టిన ఆగే సమయంలో పోతే చూసేవాడే లేడు. ఆగడం అయిపోగానే రెండు ఫేజుల మీదే మోటారు లేచేది, కాలేది.

"అన్నా, ఒకమాట," అంది నెమ్మదిగా. "ఇదే మార్పు నీ పలక మీద సూసింటే దొరికేదా?"

ఆంజనేయులు ఆలోచించాడు. ఆయన బొటనవేలు గాలిలోనే మూడో స్విచ్చు తిప్పింది. "లేదమ్మా. నేను ఎప్పుడూ రిలే కొట్టుకున్నాకనే మూడోది తీస్తా. అలవాటు. ఆగి ఉన్నప్పుడు తీయాలని నాకు తట్టేది గాదు." తెర వైపు వంగి అడిగాడు. "మరి ఇది దాని తప్పు అదే సెప్పిందా?"

"అదే సెప్పింది."

మోటారు వేసేముందు మూడు ఫేజులనూ మరొకసారి చూసుకునే లైను రాసి, రూత్ మళ్ళీ మీట నొక్కింది. హాలహర్వి పచ్చబడింది. ఆంజనేయులు ఊరుకోలేదు. బోర్డులోకి ఎక్కించమని చెప్పి, పలకకు కట్టి, చెవి ఒగ్గి, స్టార్టరు ఆగి ఉండగానే మూడో బల్బు ఆర్పాడు. రిలే కొట్టుకోలేదు. ఎంతసేపు చూసినా కొట్టుకోలేదు.

సాయంత్రం ఉమేష్ శాలువా కప్పి, "ఇంకేమైనా కావాలా అన్నా?" అని మర్యాదకు అడిగాడు.

"కావాల," అన్నాడు ఆంజనేయులు. "ఆ స్టార్టరు ఒకటి కట్టియ్యి. ఇదే, ఇప్పుడు సూసినది."

రూత్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఎర్రగా అయినా గూడా నమ్మినావా అన్నా?"

"ఎర్రగా అయినందుకే నమ్మినా. ఇన్నేళ్ళు తప్పు పెట్టుకోని నోరు మూసుకునిందమ్మా అది. ఇప్పుడు మాట్లాడతాంది." స్టార్టరును కొత్త శాలువాలోనే చుట్టి చంకన పెట్టుకున్నాడు. "ఒకటే మాట. ఆ ఊర్ల వరసలో మా దేవనకొండ పేరు రానీయొద్దు తల్లీ."

"వస్తే?"

"వస్తే నేనే వచ్చి సెప్తాలే," అని నవ్వుతూ గేటు దాటాడు.

రూత్ బస్సుకు వేళవుతున్నా కాసేపు కూర్చుంది. ఇంటికి పోగానే ఫ్యాను నాలుగు మీద పెట్టి చూడాలనుకుంది. లైట్లు ఆర్పేటప్పుడు ఆంజనేయులు టేబుల్ వైపు చూసింది. వైరు నీటుగా చుట్టి, బల్బులు మూడూ తుడిచి పెట్టి పోయాడు. పలక మీద మూడో స్విచ్చు మాత్రం ఆయన బొటనవేలికి అరిగి, నున్నగా పల్లం పడి ఉంది.