చంక కొలత

"నీకిదెంత పని, చిటికెలో అయిపోతుంది," అన్నాడు ఆయన బూట్లు విప్పుకుంటూ. ఏం పనో ఇంకా చెప్పనే లేదు. కానీ ఆ మాట వినపడిందంటే ఎవరికో ఏదో మాటిచ్చి వచ్చాడని ఆమెకి తెలిసిపోతుంది. ఆఫీసు కిటికీ తెరలు, క్యాషియరు కూతురి నాటకానికి ఎలుక తోక, ఎదురింటివాళ్ళ సోఫా తొడుగులు, అన్నీ ఆ చిటికెలోనే అయ్యాయి. సొంత జేబు దగ్గర ఆయనకి చెయ్యి రాదు గానీ ఆమె చేతుల దగ్గరికొచ్చేసరికి మహాదాత. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు, ఈ ఇంట్లో పెళ్ళాం చేతుల్ని మొగుడు దానం చేస్తాడు. ఈసారి దానం పుచ్చుకున్నది మేనేజరుగారి కుక్క.

కుక్కంటే పెద్ద కుక్కేం కాదట, ఒళ్ళో పట్టేంత. మేనేజరు భార్య దాన్ని 'మా చిన్నది' అంటుందట. చలికి వణుకుతోందట పాపం, కొట్లో కొన్న బట్టలు దాని ఒంటికి గుచ్చుకుంటున్నాయట. "మా ఆవిడది చంటిపిల్లల బట్టల్లో ఆరితేరిన చెయ్యి మేడమ్, మా అమ్మాయి పాత గౌన్లు పెట్టెడున్నాయి, వాటినే కుదించి ఇస్తుంది," అని ఈయన అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. శనివారం సాయంత్రం వాళ్ళింటికి చుట్టాలొస్తున్నారు, అప్పటికి కావాలి. ఆరితేరిన చెయ్యి అన్న మాటనే ఆమె పట్టుకుంది. పదకొండేళ్ళ కాపురంలో ఆ ముక్క తనతో ఎప్పుడూ అన్లేదు. కుక్క పుణ్యమా అని తెలిసింది.

ఆ పొద్దున్నే ఆమె మూడోసారి ఆయన్ని ఒక మాట అడిగి ఉంది. పెళ్ళికి ముందు నుంచీ ఆమె చంటిపిల్లల బట్టల కర్మాగారంలో కటింగు మాస్టరు, పిల్ల పుట్టాక మానేసింది. అక్కడ బొత్తాలు కుట్టే ఆవిడ ఒకామె ఉండేది, అందరూ బొత్తాలక్క అనేవాళ్ళు. ఆ బొత్తాలక్క ఇప్పుడు సొంతంగా చిన్న యూనిట్ పెట్టింది, రెండు వీధులవతలే. బట్ట కోసే మనిషి కావాలి, సోమవారం నుంచి రమ్మంటోంది. వెళ్ళనా అని ఈమె అడిగింది. ఆయన పేపరు మడిచి, "చూద్దాం" అన్నాడు. వద్దన్నవాడితోనైతే పోట్లాడొచ్చు, ఏడవొచ్చు, అలిగి అన్నం మానెయ్యొచ్చు. చూద్దాం అన్నవాడితో ఏం పోట్లాడతాం? పిల్ల నడిచేదాకా చూద్దాం అన్నారు. బళ్ళో పడేదాకా చూద్దాం అన్నారు. అంతలో మామగారు మంచాన పడ్డారు, మూడేళ్ళు ఆయన్ని ఎత్తి దించింది తనే. ఆయన పోగానే అత్తగారి మోకాళ్ళు మొదలయ్యాయి. ఏ కారణానికా కారణం అబద్ధం కాదు, అందుకే దేన్నీ కాదనలేక పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

"ఇంట్లో కూర్చుని కుడుతూనే ఉందిగా, పనిగట్టుకుని వీధిలోకెళ్ళి కుట్టేదేముంది?" అంటుంది అత్తగారు. కుట్టడం వేరు, కొయ్యడం వేరు అని ఆవిడకి ఎవరు చెప్తారు? నలభై పొరల బట్ట ఒకదాని మీద ఒకటి పరిచి, గీత గీసి, ఒక్క కోత కోసేది ఆమె. గీత వెంట్రుకవాసి పక్కకి జరిగితే నలభైమంది పిల్లలకి చంకలు పట్టేస్తాయి. అంత పెద్ద బల్ల దగ్గర నిలబడిన ఆడది తనొక్కతే. మగవాళ్ళు కూడా మాస్టరమ్మా అని పిలిచి అడిగేవాళ్ళు. ఇప్పుడామె రోజుకి ఎన్ని పేర్లకి పలుకుతుందో, అందులో అదొక్కటే లేదు.

పెట్టె ఆయనే దించాడు. ఇంట్లో బల్బు మార్చడానికి కూడా స్టూలెక్కని మనిషి కుక్క కోసం ఎక్కి, దుమ్ము దులిపి, బట్టలన్నీ మంచం మీద కుమ్మరించాడు. బడి నుంచి వచ్చిన కూతురు పసుపుపచ్చ గౌనొకటి తీసి చూసుకుంది. ఏడో నెల కడుపుతో, మధ్యాహ్నం తిండి వేళ కోసుకుని కుట్టిన గౌను అది. పసిమెడకి ఒరుసుకోకుండా కుట్లన్నీ పైకి తిప్పింది.

"అమ్మా, ఇది నాదా? నేనింతే ఉండేదాన్నా?"

"ఇప్పుడు నీకు పడుతుందా ఏమన్నా? కుక్కైనా తొడుక్కుంటుంది," అని వాళ్ళ నాన్న నవ్వాడు. పిల్ల గౌను కింద పెట్టేసి ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. ఆమెకి ఏడుపొచ్చింది. గౌను పోతే పోయింది, పెట్టె దించనా అని ఒక్క మాట అడిగి ఉంటే తనే తీసి ఇచ్చేది కదా.

కుక్కని ఒకసారి చూసి కొలుచుకుంటానంది. "నువ్వెందుకు అంత దూరం, నేను తెస్తాగా," అని మర్నాడు చీటీ తెచ్చాడు. అందులో రెండే అంకెలు, పొడుగు, నడుము. ముందుకాళ్ళ మధ్య ఎంతుందని అడిగితే, "అదీ కొలుస్తారా? పిల్లల బట్టేగా, కాస్త చిన్నది చెయ్యి," అన్నాడు. పిల్లల చేతులు పక్కలకుంటాయి. కుక్క చేతులు, అంటే కాళ్ళు, ముందుకుంటాయి. ఎంత ముందుకన్నది చూస్తేనే తెలిసేది. చూడని ఒంటికి కత్తెర పెట్టకూడదని కర్మాగారంలో కొత్తవాళ్ళకి చెవిలో పోరి మరీ నేర్పింది తను. ఇప్పుడు అత్తగారి వేణ్ణీళ్ళకీ, కుక్కరు కూతకీ, పిల్ల లెక్కలకీ మధ్య, వంటింటి తలుపు వెనకున్న మిషను దగ్గర అడ్డగోలుగా అంచనా వేసి ఆ పసుపుపచ్చ గౌనుని కోసేసింది. కుడుతున్నంతసేపూ తప్పని తెలుస్తూనే ఉంది.

శుక్రవారం బొత్తాలక్క ఫోన్ చేసింది. "రేపు సాయంత్రంలోగా చెప్పు మాస్టరమ్మా. సోమవారం బట్ట దిగుతోంది. నువ్వు రాకపోతే వేరే మనిషిని పెట్టుకోవాలి, ఏమనుకోకు," అంది. ఆమె వెంటనే వెళ్ళి ఆయనకి చెప్పింది. "ముందీ కుక్క గండం గట్టెక్కనీ, తర్వాత చూద్దాం," అన్నాడాయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

శనివారం ఇద్దరూ వెళ్ళారు. హాలు నిండా మనుషులు. మేనేజరమ్మ కుక్కని ఎత్తుకొచ్చింది, నిజంగానే గుప్పెడు ప్రాణం. అందరూ చుట్టూ మూగి పసుపు గౌను తొడిగి, వీపున బొత్తాలు పెట్టి, టీపాయ్ మీద నిలబెట్టారు. అది నిలబెట్టినచోటే నిలబడింది. తోక కదపలేదు, తల తిప్పలేదు. "ఎప్పుడూ గంతులేసేది! గౌను వేసేసరికి ఎంత బుద్ధిమంతురాలైపోయిందో చూడండి," అని మేనేజరమ్మ మురిసిపోయింది. ఫోటోలు తీశారు. పక్కనున్నావిడ తన కుక్కకీ కావాలంది, ఇంకొకావిడ రెండు కావాలంది. ఈమె కళ్ళు మాత్రం ఆ చంకల దగ్గరే ఆగిపోయాయి. గుడ్డ ముందుకాళ్ళని వెనక్కి లాగి పట్టింది. అడుగేస్తే ముందుకు పడుతుందని దానికి తెలిసిపోయింది.

"దానికేం మేడమ్, వచ్చే ఆదివారానికల్లా అన్నీ కుట్టేస్తుంది," అన్నాడాయన. నవ్వుతూ ఇంకో మాట కూడా చేర్చాడు. "మా ఆవిడా అంతే, ఎక్కడ నిలబెడితే అక్కడే ఉంటుంది. నోరెత్తదు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయింది, అలవాటు కొద్దీ. పెదవి సగం విచ్చుకున్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి వెళ్ళి టీపాయ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అది బుద్ధిగా నిలబడలేదండీ," అంది. "కదల్లేక నిలబడింది. చంకలు తప్పు కోశాను."

అయ్యో చింపకండీ అని మేనేజరమ్మ అంటుండగానే రెండు వైపులా కుట్టు పట్టుకుని చర్రున లాగేసింది. కుక్క ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుని, టీపాయ్ మీంచి సోఫాలోకి, సోఫాలోంచి బల్ల కిందకి దూకి, హాలంతా చుట్టబెట్టి, కీచుగొంతుతో మొరగడం మొదలుపెట్టింది. మేనేజరు పగలబడి నవ్వాడు. ఈయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"లోపం తెలిసింది కదా, ఈసారి సరిగ్గా కుడుతుంది సార్," అన్నాడు గొంతు సవరించుకుని.

ఆమె లేచి నిలబడింది. ఉద్యోగం మాట ఇంట్లో ఎత్తితే 'చూద్దాం' అనే వస్తుందని తెలుసు. ఇక్కడ, మేనేజరు ముందు, ఆ జవాబు చెల్లదనీ ఇప్పుడే తెలిసింది. "నాకు వీలుపడదండీ. సోమవారం నుంచి ఉద్యోగంలో చేరుతున్నాను. పిల్లల బట్టల యూనిట్లో, కటింగు మాస్టరుగా," అని మేనేజరమ్మతోనే చెప్పింది, ఆయన వైపు చూడకుండా.

"అలాగా! చెప్పనేలేదేమయ్యా," అన్నాడు మేనేజరు. "మంచి మాట. నీకేం ఇబ్బంది లేదుగా ఇంట్లో?"

ఆయన ఒకసారి భార్యనీ, ఒకసారి మేనేజరునీ చూశాడు. "అబ్బే, నాకేం ఇబ్బంది సార్," అన్నాడు.

ఆయన గుమ్మంలో నిలబడి సెలవు పుచ్చుకుంటుండగానే ఆమె వరండాలోంచి ఫోన్ చేసి, "వస్తున్నానక్కా, ఎన్నింటికి రమ్మంటావ్?" అని అడిగేసింది. తలుపు మూసుకోగానే ఆయన ముఖంలో నవ్వు చెరిగిపోయింది. మెట్ల మీద మొదలుపెట్టాడు, గొంతు తగ్గించి.

"అంతమందిలో అలా అనేస్తావా? ఇంట్లో చెప్పొచ్చుగా?"

"ఇంట్లో పదేళ్ళ నుంచీ చెబుతూనే ఉన్నాను," అంది ఆమె, ఆయనకంటే ముందు మెట్లు దిగుతూ. "మీకు వినపడింది ఇవాళే."